కిరీటం దించే ఘట్టం

2008 నవంబరులో, ఒక శనివారం మధ్యాహ్నం, అమెరికాలోని అల్ఫారెట్టాలో మా తెలుగు సంఘం ఇంగ్లీషు రాజుల నాటకం వేసింది. అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియం. వచ్చింది నాలుగొందల మంది. నేను నాలుగు వేలంటాను, మీరూ అలాగే అనుకోండి.

కథ తేలికే. రాజు ఊళ్ళో లేనప్పుడు తమ్ముడి వరస వాడు సింహాసనం కాజేస్తాడు. రాజు నమ్మి రాజ్యం అప్పగించిన ముసలి బాబాయి ఎటూ తేల్చుకోలేక నలిగిపోతాడు. రాజు మా అబ్బాయి రామమోహన్. కాజేసేవాడు మా అల్లుడు ఫణికుమార్. ఆ నెలాఖరున సంఘం అధ్యక్ష పదవికి పోటీపడేదీ ఆ ఇద్దరే. నేనేమో ఆరు నెలలు కొడుకింట్లో, ఆరు నెలలు కూతురింట్లో. నాటకం కాగానే మకాం మారాలి. సూట్‌కేసు తెర వెనకే ఉంది.

ప్రాంప్టింగ్ నాది. స్టేజి పక్కన వింగులో నిలబడి, టార్చి వెలుగులో చూసి మాటలు అందించాలి. ఆ నాటకం తెలుగులో రాసి, ముప్ఫై ఏళ్ళు ఆ పని చేసిన ధర్మారావుగారు ఆ వేసవిలోనే పోయారు. గొంతు ఆరిపోకుండా ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేవారు. ఆయన రాతప్రతే నా చేతిలో ఉంది. మావాడికి ఆఫీసు పనిలో పడి ఒక్క ముక్క నోటికి రాలేదు. వాడి పరువంతా నా గొంతులోనే ఉంది.

తెర లేవబోతుంటే అల్లుడు వచ్చి చెవిలో గొణిగాడు.

"కిరీటం తీసే చోట ఒక్క మాట ఆలస్యంగా అందించండత్తయ్యా. లేకపోతే మీ అమ్మాయి ఇక అన్నగారి గడప తొక్కదు."

ఔననలేదు. కాదనలేదు. ఆ ముసలి బాబాయిలాగే.

ఘట్టం వచ్చింది. దీపాలు తగ్గాయి. తెరల్లో పాత దుమ్ము వాసన. మావాడు కిరీటం తీసి పట్టుకుని నావైపు చూశాడు. నేను నోరు మెదపలేదు. హాల్లో ఎవరో దగ్గారు. వాడు అట్టకిరీటాన్ని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు...

లవంగం వాసన వచ్చింది.

ఎదురు వింగులో గుసగుస. అటువైపు కుర్చీలు పేర్చి ఉన్నాయి, మనిషి దూరే సందు లేదు.

"తలమీద ఉన్నప్పుడు బరువు తెలియలేదు... దించాకే తెలిసింది."

మావాడు అక్షరం పొల్లుపోకుండా పలికాడు. చప్పట్లకు పైకప్పు ఎగిరి పక్క కౌంటీలో పడింది. కానీ ఆ గొంతు ఆగలేదు. ఈసారి నాతో...

"శేషమ్మగారూ, ఇవాళ ఒకరి కారులో నేను వెళ్తున్నాను. మీరు ఎక్కకండి."

"ఎవరి కారు?"

టార్చి ఆరిపోయింది.

నాటకం అయ్యాక మావాడు, పరువు నిలబెట్టావమ్మా అని నా కాళ్ళకు దణ్ణం పెట్టాడు. ఇద్దరినీ కార్లు తీయొద్దన్నాను. ఎందుకన్నారు. అది చెబితే, మాట అందించింది నేను కాదని కూడా చెప్పాలి. ఊరుకున్నాను.

ఎవరి కారూ ఎక్కలేదు. సూట్‌కేసు ఈడ్చుకుంటూ నలభై మైళ్ళు నడిచాను. సరే, నాలుగు. రెండు కార్లూ హారన్లు కొడుతూ మెల్లగా నా వెనకే వచ్చాయి. సందెచీకట్లో తిరిగి చూశాను. ఒక కారులో నడిపేవాడు ఒక్కడే. రెండో కారులో, పక్క సీట్లో, ఒక బుగ్గ ఉబ్బెత్తుగా... ఎవరో కూర్చున్నారు.

ఏ కారో ఇక్కడ రాయను. ఇద్దరూ ఇది చదువుతారు.