అమావాస్య నాడు ఆగని సాంచె

పొద్దున ఏడున్నరకు కోరుట్ల పొలిమేర దాటి, జగిత్యాల రోడ్డు మీద, ఇసుక టిప్పర్ ఒకటి లతీఫుద్దీన్ వ్యాన్‌ను వెనక నుంచి గుద్దింది. ఆగింది. వెనక్కి పోయి మళ్లీ గుద్దింది. ప్రమాదం ఒక్కసారే గుద్దుతుంది. రెండోసారి గుద్దితే దాని పేరు హత్య.

జలపతి చేరేసరికి శవాన్ని అంబులెన్స్ ఎక్కిస్తున్నారు. అతని మెడలో కెమెరా, జేబులో ప్రెస్ కార్డు. ఆ వేషంలో ఎక్కడికైనా పోవచ్చు, కానీ ఎవరూ చాయ్ మాత్రం ఇప్పించరు. అసలు ఉద్యోగం ఢిల్లీలో బోర్డు కూడా లేని ఒక ఆఫీసుది. అతను నుజ్జయిన వ్యాన్ కింద పడుకుని చేత్తో తడిమాడు. ఛాసిస్‌కు అగ్గిపెట్టెంత డబ్బా అంటుకుని ఉంది. మాగ్నెట్ ట్రాకర్. బండి ఎక్కడ ఆగిందో, ఎక్కడ కదిలిందో ఎవరి స్క్రీన్‌కో క్షణక్షణం చెబుతూ ఉంటుంది.

జలపతి దాన్ని కదపకుండా ఫోటో తీశాడు. లతీఫుద్దీన్ చావుకు దారి వేసింది తనే.

రెండేళ్ల కింద సరిహద్దు అవతలి ముఠా ఒకటి సైన్యానికి సరుకు మోసే లారీల కింద ఇలాంటి ట్రాకర్లు అంటించింది. కోరుట్లలో వాళ్ల గోదాము ఎక్కడుందో చెప్పింది ఇద్దరు డ్రైవర్లు, లతీఫుద్దీన్, రవి. జలపతి ఆవేశంలో తాళం పగలగొట్టాడు. సోదా ఎందుకు చేస్తున్నాడో ముందుగా రాయలేదు, వీడియో తీయలేదు, వాడకట్టువాళ్లను సాక్షులుగా పిలవలేదు. కోర్టు ఆ సోదాను నమ్మలేదు. నిందితులు మీసాలు దువ్వుకుంటూ బయటికొచ్చారు. ముప్పై నాలుగు పేజీల తీర్పు ఇంటర్నెట్‌లోకి ఎక్కింది. ఫోన్ ఉన్న ఎవరైనా చదువుకోవచ్చు. అందులో సాక్షుల పేర్లు, ఊర్లు, బండి నంబర్లు అన్నీ ఉన్నాయి. వాటిని దాచమని కోర్టును అడగాలన్న సంగతి జలపతికి అప్పుడు తట్టనే లేదు.

పదిన్నర దాటాక ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి చీఫ్. సాక్షి క్షేమమేనా అని కోడ్‌లో అడిగాడు.

"చలివేంద్రంలో నీళ్లున్నాయా?"

"కుండ పగిలింది సార్. లతీఫ్ పోయిండు."

"తీర్పు చదివి కనుక్కున్నారు. ఆ వెబ్‌సైట్లే మూయించాలయ్యా."

"తప్పు తీర్పుది కాదు సార్, నాది. చదివినోడు చదివిండు. చదవాల్సినంత రాసిచ్చింది నేను."

చీఫ్ ఆ మాట మీద ఆగలేదు. "విను. కల్యాణి మెసేజ్ పంపింది. రెండో సాక్షి కూడా ఈరోజే. మధ్యాహ్నం మూడింటి లోపు."

కల్యాణి సిరిసిల్లలో బొటిక్ నడుపుతుంది. ఆమె వచ్చిందంటే పెళ్లికొచ్చినవాళ్లు పెళ్లికూతురు మొహం మరిచిపోతారు. ముఠాకు నమ్మిన మనిషి, మనకు వాళ్ల గుట్టు చెప్పే మనిషి. డబుల్ ఏజెంట్. ఇద్దరికీ నిజాలే చెప్పి బతకడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య.

"కంట్రోల్ రూమ్ ఎక్కడంట?"

"సిరిసిల్లలో. ఎక్కడో తెలియదట. పొద్దున పదింటికి వాళ్లు ఫోన్ చేసినప్పుడు వెనక మరమగ్గాల చప్పుడు వినిపించిందట. అంతే."

రవికి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. లతీఫ్ సంగతి తెలిసి, భార్యాబిడ్డలను ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని సిరిసిల్ల నుంచి మాయమయ్యాడు. ఏ చుట్టం ఇంటికి పోయాడో కన్నతల్లికి కూడా తెలియదు. పోలీసులను అన్ని రోడ్ల మీదికి దింపారు కానీ పొలాల దారులు ఎన్నని కాస్తారు? అతని ఆటో కిందా ట్రాకర్ ఉండే ఉంటుంది. రవి ఎక్కడున్నాడో ఇప్పుడు భూమ్మీద ఒక్క స్క్రీన్‌కే తెలుసు. ఆ స్క్రీన్ దొరికితే రవి బతుకుతాడు.

మధ్యాహ్నం రెండుంబావుకు జలపతి సిరిసిల్ల సాంచెల వాడలో దిగాడు. మరమగ్గాన్ని అక్కడ సాంచె అంటారు. మామూలు చీరలో ఉన్న ఎస్సై వనిత ఒక కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని ఎదురొచ్చింది.

"వేల సాంచెలున్నయి సార్. గా చప్పుడు పట్టుకొని ఎన్ని కార్ఖానాలని తిరుగుదాం?"

జలపతి చెవి ఒగ్గి నిలబడ్డాడు. గొల్లపల్లి రైతు కొడుకు, మగ్గాల సంగతి పెద్దగా తెలియదు. కానీ సిరిసిల్ల ఇంత నిశ్శబ్దంగా ఉండడం అతను ఎన్నడూ చూడలేదు. పక్క అరుగు మీద వెంకటవ్వ అనే ముసలమ్మ పప్పు ఏరుతూ కూర్చుంది. ముప్పై ఏళ్లుగా సాంచెలకు నూలు కండెలు చుట్టిన చేతులవి.

"అవ్వా, గీ వాడకేమైంది? చప్పుడే లేదు?"

"ఇయ్యాల అమాస గదా కొడుకా! అమాస నాడు సాంచె ఎవలు నడుపుతరు?" అని, మళ్లీ తనే మూతి విరిచింది. "గా మూల కార్ఖానోళ్లు నడుపుతున్నరు. పొద్దుమూకులు టకటక. ఆరు నెల్లాయె అచ్చి, ఒక్క దినం కండెలు అడగలే. నూలు లేని సాంచె ఏం నేస్తదో ఆళ్లకే ఎరుక!"

సిరిసిల్లలో సాంచెల చప్పుడంటే సముద్రంలో నీళ్లున్నాయని చెప్పినట్టే అనుకున్నారు ముఠావాళ్లు. ఊరు ఊరంతా సాంచెలు ఆపే రోజు ఒకటుంటుందని పైనుంచి వచ్చినవాళ్లకు ఎవరు చెబుతారు?

మూల మీద రేకుల షెడ్డు. ఇనుప తలుపు. లోపల టకటకా చప్పుడు. టైమ్ రెండూ నలభై.

వనిత కట్టర్ తీసింది. "కొయ్యమంటరా సార్?"

జలపతి నోటిదాకా వచ్చింది, కొయ్యమని. పొలాల దారిలో రవి పిల్లలను వెంటేసుకుని పోతున్నాడు. ఒక్కో నిమిషం ఒక్కో ప్రాణం. కానీ మళ్లీ అట్లాగే చొరబడితే వీళ్లు మళ్లీ బయటికొస్తారు. మళ్లీ ఇంకో టిప్పర్ బయల్దేరుతుంది. ఆ పని తను ఒకసారి చేశాడు, ఫలితం పొద్దునే చూశాడు.

"వీడియో ఆన్ చెయ్. అవ్వను పిలువు. ఎదురింటి ఆసామిని పిలువు."

కాగితం తొడ మీద పెట్టుకుని రాశాడు. ఏ సమాచారం, ఎవరి ప్రాణానికి ముప్పు, ఆలస్యమైతే ఏం జరుగుతుంది. ఏడు వాక్యాలు. తొందరలో అక్షరాలు కోడి కెలికినట్టు వచ్చాయి. రెండు నిమిషాలు పట్టింది. తన బతుకులో అంత పొడుగు రెండు నిమిషాలు అతనికి గుర్తులేవు. వెంకటవ్వ వేలిముద్ర వేసింది, ఆసామి సాయినాథ్ సంతకం పెట్టాడు.

"కొయ్!"

లోపల నాలుగు సాంచెలు పోగు లేకుండా ఉత్తగా ఆడుతున్నాయి. వాటి వెనక అద్దాల గదిలో పెద్ద స్క్రీన్, చెవులకు హెడ్‌సెట్, కుర్చీలో కల్యాణి. ఫోన్‌లో విన్నానని ఆమె చెప్పిన చప్పుడు ఆమె గది ముందుదే.

ఆమె లేవలేదు. చిన్నగా నవ్వింది. "మళ్లీ తాళం పగలగొట్టే వచ్చారా జలపతి గారూ? మీ తీర్పు నేను రెండుసార్లు చదివాను. నా లాయర్ వచ్చేదాకా నోరు విప్పను."

జలపతి కాగితం ఆమె ముందు పెట్టాడు. గుమ్మంలో వీడియో తీస్తున్న కానిస్టేబుల్‌ను, అతని పక్కన కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న వెంకటవ్వను చూపించాడు. కల్యాణి నవ్వు ఆరిపోయింది.

స్క్రీన్ మీద ముస్తాబాద్ వైపు దారిలో ఎర్ర చుక్క పాకుతోంది. అది రవి. వెనక నీలం చుక్క ఉరుకుతోంది. అది టిప్పర్. మధ్యలో నాలుగు వందల మీటర్లు. మూడు వందలు.

"ఆపమని చెప్పు."

ఆమె మైకును చేత్తో మూసింది. రెండు వందలు.

ప్రతిసారీ డ్రైవరూ కోడూ మారతాయి కాబట్టి ఆ మాటలు మానిటర్ కింద అంటించి ఉన్నాయి. "నూలు అందింది" అంటే గుద్దు. "పోగు తెగింది" అంటే వదిలెయ్. వనిత హెడ్‌సెట్ లాక్కుంది. గొంతు సవరించి, కల్యాణి లాగే తాపీగా, కొంచెం విసుగ్గా అంది.

"పోగు తెగింది. వినిపించిందా? పోగు తెగింది."

అవతల గరగర. నీలం చుక్క ఇంకా ఉరుకుతూనే ఉంది. యాభై మీటర్లు. ముప్పై. జలపతి కళ్లు మూసుకున్నాడు.

"ఆగింది సార్," అంది వనిత.

పదిహేను నిమిషాల్లో ముస్తాబాద్ పోలీసులు ఇద్దరినీ చేరుకున్నారు. రవి ఫోన్‌లో అడిగిన మొదటి మాట "లతీఫన్నను మట్టి చేసిన్రా సార్?"

మూడో రోజు జలపతి కోరుట్లలో లతీఫ్ ఇంటికి వెళ్లాడు. లతీఫ్ భార్య అజీజాబీ గడప లోపల కూర్చుంది. అతను తప్పంతా తనదేనని చెప్పాడు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు.

"పాత తీర్పుల గానీ కొత్త కేసుల గానీ సాక్షుల పేర్లు బయటికి రావమ్మా," అని దరఖాస్తు చూపించాడు. "తీర్పు ఎవరు చదివినా పేరుండది. రవిది దాస్తరు. మీ ఆయనది గూడ."

ఆమె ఆ కాగితం పక్కకు నెట్టింది. "బతికున్నప్పుడు బజార్ల పెట్టిన్రు. సచ్చినంక దాస్తరా సారూ?" అంది. "ఉండనియ్యి. మా బిడ్డ గజాలా సదువుకున్నది. వాళ్ల అబ్బా ఏం జెప్పి సచ్చిండో ఫోన్ల సదువుకుంటది."

జలపతి పెన్ను తీసి దరఖాస్తులో దాచాల్సిన పేర్ల జాబితా నుంచి లతీఫ్ పేరు కొట్టేశాడు. ఇరవై ఏళ్ల గూఢచారి ఉద్యోగంలో అతను కావాలని దాచకుండా వదిలేసిన మొదటి రహస్యం అదే.