నాయన చేయగలిగిన పనులు

తెల్లవారి పొయ్యి రాజేసే ముందు మారక్క చేసే మొదటి పని మొగుణ్ణి చాప మీద నుంచి లేపడం. నల్లప్ప నడుము కొయ్యలా బిగుసుకుపోయి చాలా ఏళ్ళయింది. మెడ తిరగదు, మోచేతులు చాపితే సాగవు. బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ ఎముకల్లో చేరిందని పావగడ డాక్టర్లు చెప్పారు. ఆ పొద్దు కూడా ఆమె అతణ్ణి లేపి, గోడకు ఆనించి, ముఖం కడిగి, చొక్కా తొడిగి గుండీలు పెట్టింది. కూతురు అంజినమ్మ అటు చూడనేలేదు. ముందురోజు టపాలో వచ్చిన కాగితాలనూ, బడిలో అడిగి తెచ్చుకున్న ఇంగ్లీషు నిఘంటువునూ పట్టుకుని ఒకసారి గడప మీద, ఒకసారి అరుగు మీద, ఎక్కడా నిలకడగా కూర్చోలేకపోతోంది.

నల్లప్పకు అంగవికలుల పింఛను ఇవ్వడం కుదరదని తాలూకాఫీసు వాళ్ళు రాశారు. అతణ్ణి పరీక్ష చేసిన డాక్టరు ఇంగ్లీషులో రాసిన రిపోర్టునూ జతచేశారు. కాదంటే సోమవారం లోపల అప్పీలు పెట్టుకోవచ్చు. వానల్లేక శనక్కాయ చేను ఈ ఏడూ ఎండిపోయింది. పింఛను రాకపోతే అంజినమ్మ పదో తరగతి మానేసి తల్లితో పాటు శనక్కాయల మిల్లుకు పోవాలి. ఆ మాట ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు.

"ఏందే, పొద్దన్నుంచి ఆ కాగితాన్ని నెమరేస్తా ఉండావు? గొర్రెకైనా ఈపాటికి కడుపు నిండుంటాది" అంది మారక్క.

"అమ్మా, డాక్టరు దగ్గరికి పోయినప్పుడు నాయన కట్టె యాడుండింది?"

"చెప్పులతో పాటు వాకిట్లో పెట్టినాడు. అంత పెద్దాయన ముందరికి కట్టె పొడుచుకుంటా పోతారేమే? మర్యాద గాదు."

"మరి ఎట్ల నడిచినాడు?"

"నేను రెక్క పట్టుకోని వాకిలి దాటించినా. ఆ పక్కన గోడ ఉండాది గదా."

అంజినమ్మ తల్లి దగ్గరికి వచ్చింది. కాగితం మీద వేలు పెట్టింది. "ఊతం లేకుండా నడవగలడు అని రాసినారు."

మారక్క చేతిలో చెంబు ఆగిపోయింది.

"బట్టలు తనంతట తాను వేసుకోగలడంట. శుభ్రంగా ఉండాడంట. ఎవురమ్మా ఆ పొద్దు గడ్డం గీకి, ఉతికిన పంచ కట్టి పంపించింది?"

"పావగడకు పోతా మాసిన బట్టతో పోతారా?"

"ఇంటి పనులు చేసుకుంటాడంట. ఇది ఎవురు చెప్పినారు?"

మారక్క తల తిప్పుకుంది. "ఆయప్ప అడిగితే నేనే చెప్పినా. చేసుకుంటాడు సామీ అని."

"ఎందుకట్ల చెప్పినావు?" ఎవరితోనూ గట్టిగా మాట్లాడని అంజినమ్మ గొంతు ఆ రోజు వీధిదాకా వినిపించింది. "డాక్టరు అబద్ధం రాయలేదమ్మా. ఆ పూట కండ్లతో చూసింది, చెవులతో విన్నది రాసినాడు. ఇందులో నాయన చేస్తాడని రాసినవన్నీ నువ్వు చేసే పనులే. ఆయప్ప పరీక్ష చేసింది నాయన్ను గాదు, నిన్ను!"

"అయితే ఏం జేయమంటావు?" మారక్క కూడా లేచింది. "నా మొగుణ్ణి నలుగురి ముందర చేతగానోడి మాదిరి నిలబెట్టమంటావా? రెండు ఇంగ్లీషు ముక్కలు రాంగానే అమ్మను నిలదీస్తా ఉండావే!"

ఇద్దరికీ కళ్ళనీళ్ళు వచ్చాయి. గోడకు ఆనుకుని ఉన్న నల్లప్ప కూతుర్ని పిలిచాడు.

"పాపా, ఇంకొకసారి చదువు" అన్నాడు.

ఆమె మొదటి నుంచి చదివింది. ఒక్కొక్క మాటకూ అతను పెళ్ళాం వైపు చూపు తిప్పాడు. చివరికి అన్నాడు. "అప్పీలు రాయి. ఒక్కొక్క మాట పక్కనా నిజంగా జరిగేది రాయి. మారక్కా, మళ్ళీ పరీక్షకు పిలిస్తే ఈసారి నువ్వు వాకిలి దాటి లోపలికి రాకూడదు."

మళ్ళీ పరీక్షకు పిలుపొచ్చేదాకా అంజినమ్మకు బడిలో పాఠం ఎక్కలేదు. ఆ రోజు ఆసుపత్రి వసారాలో బల్ల మీద తల్లీ కూతురూ కూర్చున్నారు. నల్లప్ప కట్టె పొడుచుకుంటూ లోపలికి పోయాడు. తలుపు తెరిచే ఉంది. ఈసారి ఇంకో డాక్టరు.

"చొక్కా విప్పు" అన్నాడాయన.

నల్లప్ప వేళ్ళు మొదటి గుండీ దగ్గరికే చేరలేదు. మెడ మీద చెమట పట్టింది. మారక్క లేవబోయింది. అంజినమ్మ ఆమె చీర పట్టుకుని లాగింది.

"కూచోమ్మా."

"చూస్తా ఉండావా ఎట్ల అవస్త పడతా ఉండాడో? రాయి గుండెదానివే నువ్వు!"

"కూచోమ్మా, నీకు మొక్కుతా."

లోపల నల్లప్ప చేతులు దించేశాడు. "రాదు సార్" అన్నాడు. ఆ మాట అతని నోట వినడం ఇద్దరికీ అదే మొదలు.

"కింద కూర్చోగలవా?"

"కూచుంటే లేవలేను."

"మరి ఇంట్లో ఇవన్నీ ఎవరు చేస్తారు?"

"బయట కూచోనుండాదే, ఆయమ్మ."

డాక్టరు చాలాసేపు రాశాడు. ఈసారి పింఛనుకు వైకల్యం శాతం సరిపోతుందని చెప్పాడు. అంజినమ్మ పిడికిళ్ళు వదిలేసింది. మిల్లు తప్పింది.

"ఇంకేమైనా చెప్పేది ఉందా?" డాక్టరు నల్లప్పను అడిగాడు.

మెడ తిరగదు కాబట్టి నల్లప్ప ఒళ్ళంతా వాకిలివైపు తిప్పుకున్నాడు. "నాదయిపోయింది సార్. ఆయమ్మను గూడా చూడండి. ముందు నన్ను ఒక్క ఊపున లేపుతా ఉండె. ఇప్పుడు లేపేటప్పుడు పండ్లు బిగబట్టుకుంటాది. నా చెవి ఆమె నోటి కాడే ఉంటాది గదా, వినపడతాది. ఆమె తాగేదీ ఆ నీళ్ళే."

అంజినమ్మ తల్లివైపు తిరిగింది. రిపోర్టులో ఒక్క ముక్క వదలకుండా చదివింది గానీ, పక్కనున్న మనిషిని ఎప్పుడూ చూడలేదు.

"నాకేమొచ్చింది, గుండ్రాయి మాదిరి ఉండా" అని గొణుగుతూనే మారక్క లోపలికి పోయింది.

"నడుము ఎలా ఉందమ్మా?" డాక్టరు అడిగాడు.

"బాగానే ఉండాది సా..." అంటూ ఆమె మొగుడి ముఖం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మళ్ళీ దాన్ని తీసి, "లేదు సామీ. నొప్పిగా ఉండాది. శానా దినాలాయ" అంది.