తారామణి గోడ

నాచారం నుంచి చిల్కానగర్‌కు అడ్డదారిన పోతే, మూతపడ్డ దారం మిల్లు గోడ ఒకటి వచ్చేది. చీకటి పడ్డాక ఆ గోడ పక్కన నడవమంటే, పగలంతా ఇనుము వంచే మొనగాళ్ళు కూడా ఏదో ఒక సాకు చెప్పి బస్సు రోడ్డు పట్టేవాళ్ళు.

మిల్లు నడిచే రోజుల్లో తారామణి అనే ఆమె కొంగు మెషీన్‌లో చిక్కిందట. అరిచిందట... అరుస్తూనే ఉందట. ఆ మోతలో ఒక్కరికీ వినపడలేదు.

అప్పటి నుంచి ఆమె దెయ్యమై వచ్చే ముందు ఆ దారిలో కీచురాళ్ళన్నీ ఒక్కసారిగా నోరు మూసుకుంటాయనీ, ఎప్పుడో తుప్పు పట్టిన మిల్లు సైరన్ సన్నగా మోగుతుందనీ చెప్పుకునేవారు. నా కేక మీకు వినపడలేదు కదా, ఇక మీకేదీ వినపడకూడదు — అదీ ఆమె పంతం.

ఆ దారికి ఒక కట్టుబాటు కూడా పుట్టింది. కీచురాళ్ళు ఆగాయా — వెనక్కి తిరగొద్దు. ఎవరు పిలిచినా పలకొద్దు. టీ కొట్టు దీపం కనిపించేదాకా నడుస్తూనే ఉండాలి.

జోసఫ్‌కు ఈ కట్టుబాటు నేర్పింది ప్రెస్ షాపులో అతని పాత మేస్త్రీ. పెళ్ళికి ముందు నుంచీ జోసఫ్ ఆ షాపులోనే రేకులు నొక్కే పవర్ ప్రెస్ మీద పని చేస్తున్నాడు. మంచివాడే, కానీ పరమ మొండి. అతను టీవీ పెట్టాడంటే పక్కింటివాళ్ళు తమది కట్టేసుకునేవారు. భార్య ఎలిజబెత్‌కు వంటింట్లోంచి పిలిచి పిలిచి గొంతు పోయేది.

"నీకు చెవుడొచ్చింది. జర దవాఖానల సూపిచ్చుకోవయ్యా."

"నాకేం చెవుడు? మీరే నోట్లె గొణుగుతరు."

చెవుడంటే అతనికి కోపం. తారామణి అంటే మాత్రం భయం. ఎందుకంటే ఈ మధ్య ఆ గోడ పక్కన ఎప్పుడు నడిచినా కీచురాళ్ళు ఉండటం లేదు... సైరన్ మోగుతూనే ఉంది. ఆమె తనను పట్టుకుందని అతనికి ఖాయమైపోయింది. పాస్టరుగారితో ప్రార్థన చేయించుకున్నాడు. అది చాలదన్నట్టు మౌలాలి కొండెక్కి దర్గాలో తాయెత్తు కూడా కట్టించుకున్నాడు. ఈ సంగతి ఎలిజబెత్‌కు మాత్రం చెప్పలేదు.

అది వానాకాలం, ఆదివారం. కూతురు రోజీని వెంటబెట్టుకుని నాచారంలో ప్రార్థన కూటానికి వెళ్ళాడు. కూటం ముగిసేసరికి వాన వెలిసింది గానీ కరెంటు పోయింది. బస్సు రోడ్డంతా మోకాళ్ళ లోతు నీళ్ళు. ఇక మిగిలింది అడ్డదారే.

"నా ఎనకనే రా బిడ్డా. ముచ్చట్లు పెట్టకు," అన్నాడు.

గోడ మొదలైంది. జోసఫ్ చెవులు రిక్కించాడు.

కీచురాళ్ళు... లేవు. ఒక్కటంటే ఒక్కటి లేదు. ఆ నిశ్శబ్దంలోంచి, ఎవరింట్లోనో కుక్కర్ కూసినట్టు, సన్నగా — సైరన్.

అయినా నడిచాడు.

వెనక ఏదో... బావి అడుగు నుంచి వచ్చినట్టుంది. పిలుపా? గాలా? మళ్ళీ వచ్చింది. మెడ తిరగబోయింది — బిగబట్టాడు. తారామణి పసిపిల్ల గొంతుతో పిలుస్తుందని మేస్త్రీ చెప్పనే చెప్పాడు. "ప్రభువా... ప్రభువా..." అనుకుంటూ అడుగు వేగం పెంచాడు.

టీ కొట్టు లాంతరు కనిపించింది. హమ్మయ్య అనుకుని వెనక్కి తిరిగాడు.

రోజీ లేదు.

ఆ తర్వాత కట్టుబాటూ లేదు, దెయ్యమూ లేదు. వచ్చిన దారినే పడుతూ లేస్తూ పరుగెత్తాడు. గోడ సగానికి వచ్చేసరికి, సెల్‌ఫోన్ వెలుగులో, మూతలేని మోరీ అంచున రెండు చిన్న చేతులు కనిపించాయి. నీళ్ళు రోజీ మెడ దాకా వచ్చాయి. రెక్కలు పట్టి పైకి లాగి గుండెకు హత్తుకున్నాడు.

"ఎన్నిసార్లు పిలిచిన డాడీ..." అతని చెవిలో చెప్పింది. గొంతు బొంగురుపోయింది. "నువ్వు ఆగలే."

"కీచురాళ్ళు ఆగినయి బిడ్డా... సైరన్ మోగింది... ఆమెనే అనుకున్న..."

రోజీ అతని మొహంలోకి వింతగా చూసింది. "యాడ ఆగినయ్? ఇప్పుడు గూడ ఒర్రుతనే ఉన్నయి గద. సైరన్ ఏంది డాడీ?"

జోసఫ్ మళ్ళీ చెవులు రిక్కించాడు. ఏమీ లేదు, ఆ సన్నటి మోత తప్ప. అసలు భయం అతనికి అప్పుడు వేసింది. తారామణి కేక ఎవరికీ వినపడలేదని ఇన్నేళ్ళూ జాలిపడ్డాడు... తన బిడ్డ కేక తనకు వినపడలేదు.

మర్నాడు పనికి పోలేదు. ఎలిజబెత్ వెంట దవాఖానాకు వెళ్ళాడు. చెవులు పరీక్ష చేసే ఆమని అనే ఆవిడ అతన్ని చిన్న గాజు గదిలో కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చింది. శబ్దం వినపడితే నొక్కమంది. జోసఫ్ నొక్కాడు. మళ్ళీ నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

ఆమని తలుపు తెరిచింది. "నేనింకా ఏ శబ్దమూ పెట్టలేదండీ. మీకేం వినిపిస్తోంది?"

"సైరన్, మేడమ్," అన్నాడు గుసగుసగా.

పరీక్ష మొత్తం అయ్యాక ఆమె అతని ఎదురుగా కూర్చుని నెమ్మదిగా చెప్పింది. "ఆ సైరన్ మీ చెవిలోదే. ఏళ్ళ తరబడి మెషీన్ల మోత విన్నవాళ్ళకు ముందు సన్నటి శబ్దాలు పోతాయి. కీచురాళ్ళు, పిల్లల మాటలు... పోయింది తిరిగి రాదు. చెవికి మిషన్ పెట్టుకుంటే చాలావరకు వినపడుతుంది. పనిలో చెవులకు అడ్డం పెట్టుకోకపోతే ఉన్నది కూడా పోతుంది."

"ఆ దారిల అందరికి గిట్లనే అయితది మేడమ్."

"అందరికీనా? మీ షాపువాళ్ళకేనా?"

జోసఫ్ ఆలోచనలో పడ్డాడు. చిల్కానగర్ పాలవాడు తెల్లారకముందే ఆ దారిన వస్తాడు, ఏనాడూ ఏమీ అనలేదు. తారామణి పట్టుకున్నదల్లా ప్రెస్ షాపుల పాతవాళ్ళనే. నవ్వొచ్చింది. మేస్త్రీ గుర్తొచ్చి ఆ నవ్వు ఆగిపోయింది. మరుసటి వారం ఆయన్నీ బలవంతాన పరీక్షకు లాక్కొచ్చాడు.

చెవి మిషన్ వచ్చాక, ఒక ఆదివారం చీకటి పడే వేళ, రోజీ చేయి పట్టుకుని కావాలనే అడ్డదారిన బయల్దేరాడు.

గోడ మొదలవగానే — కీచురాళ్ళు! గోడంతా, గడ్డంతా, మోరీ పొడుగునా కీచురాళ్ళు. జోసఫ్ నిలబడిపోయాడు. కళ్ళు తడిశాయి.

"వినొస్తున్నయా డాడీ?"

"మస్తు వినొస్తున్నయి బిడ్డా."

ఇద్దరూ నవ్వుకుంటూ గోడ సగానికి వచ్చారు.

ఒక్కసారిగా... అన్నీ ఆగిపోయాయి.

జోసఫ్ చెవి దగ్గర మిషన్ తడిమి చూసుకున్నాడు. బ్యాటరీ అయిపోయిందేమో...

రోజీ అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆమె గుసగుస ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.

"డాడీ... నాకు గూడ ఆగినయి."