బాలమల్లు బిళ్ళ

తొంభై ఒకటిల శ్రీరాంపూర్ కార్మికుల క్లబ్బుకు రెండు మిషిన్లు వచ్చినయి. ఒకటి ఉన్నకాడనే తొక్కే సైకిల్. ఇంకోటి కూసొని తాడు గుంజే పడవ మిషిన్. గప్పుడే బొగ్గుబాయిల కప్పు కూలి నా మోకాళ్లు, బాలమల్లు మోకాళ్లు ఒక్కసారే దెబ్బ తిన్నయి. ఉరుకుడు బంద్, మోకాళ్ల మీద బరువు పడని గీ మిషిన్లే దిక్కు అన్నడు డాక్టరు. నెలకు పరీక్ష. పాసైతేనే మళ్ల బాయి పని.

"బాలమల్లూ, నీ ఛాతినిండ బొగ్గుదుమ్మే. సైకిల్ తొక్కు, మెల్లగ. పడవ జోలికి పోకు" అని నా ముంగటనే చెప్పిండు. నాకు ఏదైనా సరే అన్నడు.

క్లబ్బుల వంతుకు బాయి పద్ధతే. ఎవని నంబరు కొట్టిన గుండ్రటి ఇత్తడి బిళ్ళ వేలాడుతె వానిదే మిషిన్. బాయిల మనిషి లోపల ఉన్నడా, పైకొచ్చిండా అని చెప్పేది గా బిళ్ళనే. ఒకని బిళ్ళ ఇంకొకడు ముట్టడు.

నేను ముట్టిన. పడవ గుంజితె నడుము పోతది, సైకిల్ హాయి. బాలమల్లు సైకిల్‌కు బిళ్ళ తగిలిచ్చి చాయ్‌కి పోంగనే, దాన్ని తీసి పడవకేసి, నాది సైకిల్‌కేసేటోన్ని.

"లక్ష్మీరాజమన్నా, నేను సైకిల్‌కే ఏసిన గదనే?"

"మతి పోయిందారా? కావాల్నంటె నా బిళ్ళ తీసెయ్."

తియ్యలే. తియ్యడని నాకెరికే. కూసొని గుంజిండు. దగ్గిండు. మళ్ల గుంజిండు. నేను పక్కన తొక్కుకుంట నవ్వుకున్న. పదిహేడో రోజు తాడు పట్టుకొనే తల వాల్చి పానం ఇడిసిండు. పిడికిళ్లు ఇప్పనీకి నలుగురు పట్టిండ్రు.

పరీక్షకు ముందటి దినం మధ్యాహ్నం క్లబ్బుల ఒక్కన్నే ఉన్న. దుమ్ము రాకుండ కిటికీలు మూసిండ్రు. నొప్పుల తైలం వాసన. కరెంటు పోయింది. చీకట్లనే తొక్కుతున్న.

పక్కన గర్‌ర్...

ఆగింది. దగ్గు.

మళ్ల గర్‌ర్...

నేను కాళ్లు ఆపిన. గా చప్పుడు ఆగలే.

"అన్నా..." చెవు పక్కనే గుసగుస. "జర నా బిళ్ళ ఏడేసినవో చూడవే..."

కండ్లు మూసుకున్న. ఎంతసేపో తెల్వదు. కరెంటు వచ్చినంక చూస్తె సైకిల్ మీదనే ఉన్న. పడవ సీటు ఖాళీ. బతికిపోయిన అనుకుంట ఇంటికి పోయి పండుకున్న.

తెల్లారి డాక్టరు నా మోకాళ్లు వంచి చూసిండు. "మంచిగైనయి. ఏదీ, చేతులు చూపియ్" అన్నడు.

పిడికిళ్లు ఇప్పిన. అరచేతులల్ల తోలు లేదు. తాడు కోసిన చారలు, ఎర్రగ మాంసం. అప్పటిదాక నొప్పే తెలువలే.

"పార పట్టలేవు" అని అన్‌ఫిట్ రాసిండు.

ఏడాదాయె. మోకాళ్లు రాయి లెక్క గట్టిగున్నయి. చేతులు మానుతలేవు. పండుకునేముందు నా పెండ్లాం యాదవ్వ గుడ్డ చుడతది, పొద్దుగాలకు నెత్తురుతోని తడిసి ఉంటది. ఒట్టేసి చెప్తున్న, నేను తొక్కింది సైకిలే. మొన్నటిసంది దగ్గు గూడ షురువైంది.

నిన్న గుడ్డ ఇప్పుతుంటె యాదవ్వ ఆగింది. బిళ్ళ తీసిన కుడి అరచేతిల, పుండు నడుమ గుండ్రంగ ఒక అచ్చు.

"అంకెలున్నట్టున్నయి. నాకు చదువు రాదు, నువ్వు చూడు" అన్నది.

నేను చూడలే.