చెవుల్లో దూది

తాడికొండ నుంచి గుంటూరు పోయే రోడ్డులో రేకుల మిల్లు పేరు రాత్రిపూట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. "అది" అనేవాళ్ళు. అది దాటామా అని ఒకడు అడిగితే, ఇంకా లేదని ఇంకొకడు చెప్పేవాడు. ఆ తర్వాత బండి మీద మాట వినపడేది కాదు.

అదొక పత్తి మిల్లు. గింజ తీసి దూది బేళ్ళు కట్టేవాళ్ళు. రెండు ఊళ్ళ వల్లకాడు ఆనుకుని మిల్లు కట్టినవాడి తెలివికి దండం పెట్టాలి. మూడు సీజన్లు నడిచి మూతబడింది. యంత్రాలు ఊడదీసుకుని ఆ పెద్దమనిషి వెళ్ళిపోయాడు. ఎత్తయిన గోడలు, వాటి మీద రేకుల కప్పు, లోపల చీకటి మిగిలాయి.

కొన్నేళ్ళకి... ఆ చీకట్లోంచి చప్పుడు రావడం మొదలైంది. అమావాస్య రాత్రి మాత్రమే. ఏడుపన్నవాళ్ళున్నారు, మూలుగన్నవాళ్ళున్నారు. ఒకాయనైతే మిల్లే ఊపిరి తీస్తోందన్నాడు.

నేను దెయ్యాల్ని నమ్మను. భయపడతాను, అది వేరే సంగతి. ఈ కథ సగం మా మేనమామ ఆదెయ్య చెప్పాడు, సగం మా అత్త పిచ్చమ్మ చెప్పింది. ఆ ఇద్దరూ జన్మలో ఏ విషయంలోనూ ఒక మాట మీద నిలబడినవాళ్ళు కారు. ఈ ఒక్క విషయంలో నిలబడ్డారు. నాకు గుబులు అందుకే.

అప్పట్లో మిరప బస్తాలు ఎడ్లబండ్ల మీదే గుంటూరు పోయేవి. ఎండకి ఎడ్లు ఆగలేవని రాత్రి బయల్దేరి, తెల్లారేసరికి కమీషను కొట్ల ముందు వరస కట్టేవాళ్ళు. కాబట్టి 'అది' దాటక తప్పదు. దానికి బండివాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. మిల్లుకి ముందున్న మైలురాయి దగ్గర బండి ఆపి, రెండు చెవుల్లో దూది కూరుకోవడం. అవతలి కల్వర్టు దాటాక తీసి పారెయ్యడం. ఎవరి చేలో పత్తి వాళ్ళ చెవుల్లో. ఇలా ఏళ్ళ తరబడి ఆ చప్పుడు సరిగా విన్నవాడు ఒక్కడూ లేడు, దాని గురించి చెప్పనివాడూ లేడు.

అరవై ఒకటో సంవత్సరం, పుష్యమాసం అమావాస్య. ఆ రోజు ప్రయాణం వద్దని అత్త మొత్తుకుంది. మొత్తుకుంది కాబట్టే మామయ్య బయల్దేరాడు. ఒక్కడే, బండి నిండా మిరపకాయలు.

మైలురాయి దగ్గర ఆపాడు. రొంటిన దోపుకున్న దూది తీసి చెవుల్లో కూరుకున్నాడు. అంతా పద్ధతి ప్రకారమే చేశాడు... కానీ పొద్దుటి నుంచి మిరపకాయలు బస్తాల్లోకి కూరిన చేతులవి. కడుక్కోలేదు.

నాలుగడుగులు పోయేసరికి చెవులు భగ్గుమన్నాయి. దెయ్యం మాట దేవుడెరుగు, ముందు ఈ మంట చల్లారితే చాలనుకున్నాడు. దూది పీకి విసిరికొట్టాడు —

అప్పుడు వినపడింది.

ఒకటే స్వరం. లోతుగా, నేల కింది నుంచి వస్తున్నట్టు. ఆగదు. ఇప్పుడాగుతుంది, ఇప్పుడాగుతుంది అనుకుంటే... ఆగదు. దాని మీద సన్నగా ఇంకో ఊళ. ఎవరో అరచేత్తో చర్మం రుద్దుతున్న చప్పుడు. ఇనప గొలుసు ఒక్కసారి కదిలింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

ఎడ్లు ఆగిపోయాయి. బెదరలేదు. చెవులు నిక్కించి, మెడలు వాల్చి, హాయిగా నిలబడ్డాయి. ఇన్నేళ్ళుగా వాటి చెవుల్లో ఎవరూ దూది పెట్టలేదని మామయ్యకి అప్పుడు తట్టింది.

అప్పుడే ఇంకో సంగతి కూడా తట్టింది. ఈ చప్పుడు తను ఇంతకు ముందు విన్నాడు. బ్రాడీపేటలో, కాఫీ హోటల్లో!

మంగళగిరి పానకాలు బ్యాండంటే ఒకప్పుడు మా జిల్లాలో పెళ్ళిళ్ళకి ముహూర్తం తర్వాత అంతటిది. ఆరుగురు మనుషులు, అందరూ నేతగాళ్ళే. పగలు మగ్గం, పెళ్ళిళ్ళ రోజుల్లో బాకా. మద్రాసు వెళ్ళి రెండు గ్రామఫోను ప్లేట్లు కూడా ఇచ్చారు. అవి పెట్టని హోటలు లేదు. ఆ తర్వాత పానకాలుకి ఏమైందో ఏమో, మూడో ప్లేటు ఇచ్చాడు.

అందులో పాట లేదు. పెద్ద బాకా మూడు నిమిషాలు ఒకే స్వరం ఊదుతుంది. అంతే. బ్రాడీపేట హోటల్లో అది పెట్టినప్పుడు మిషనుకి కీ అయిపోయిందనుకుని సర్వరు రెండుసార్లు కీ తిప్పాడు. చెవులకి పట్టిన ఖర్మ, తీసెయ్యండని అరిచినవాళ్ళలో మా మామయ్యే ముందు. ఆ ధోరణిలోనే ఒక పెళ్ళిలో ఎదురుకోలుకి ఊదితే పెళ్ళికొడుకు నాయనమ్మ సొమ్మసిల్లింది. దాంతో బ్యాండు పని సరి.

ఆ రాత్రి రోడ్డు మీద, మండే చెవులతో, మామయ్యకి అదే స్వరం వేరేగా వినపడింది. మిరప కల్లంలో ఒక్కడే కాపలా పడుకున్న రాత్రుల్లో అతని గుండెలో ఏదో కదిలేది. భయం కాదు, దిగులూ కాదు. భార్యకి కూడా చెప్పుకోలేదు, చెప్పడానికి మాట దొరక్క. దాన్ని ఎవరో దొంగచాటుగా విని, బాకాలో పోసి ఊదుతున్నట్టుంది. మామయ్యకి ఏడుపొచ్చింది.

బండి దిగి లోపలికి నడిచాడు.

మిల్లు ఆ చివర ఒక లాంతరు, దాని చుట్టూ ఆరుగురు. ఈ చివరంతా చీకటి. గోడ పొడుగునా మనుషులు కూర్చుని ఉన్నట్టు మసక మసకగా తెలుస్తోంది. తనలాగే దారిన పోతూ ఆగిన బండివాళ్ళు కాబోలని ధైర్యమొచ్చి, మామయ్య కూడా గోడకి చేరగిలబడ్డాడు.

"కాస్త జరుగు..." పక్క నుంచి ఎవరో గుసగుసగా అన్నారు.

జరిగాడు.

వాయింపు అయ్యేసరికి తెల్లవారుజాము కావచ్చింది. కళ్ళు తుడుచుకుని చూస్తే పక్కన ఎవరూ లేరు, ఎవరి దారిన వాళ్ళు పోయినట్టున్నారు. లాంతరు దగ్గరికి వెళ్తే ఆ ఆరుగురూ హడలిపోయారు, దెయ్యం వచ్చిందని. మనిషేనని తెలిశాక పానకాలు కూర్చోబెట్టి అంతా చెప్పాడు. అమావాస్య రోజు మగ్గాలకి సెలవు, అందుకని ఆ రాత్రే వస్తారట. ఇంట్లో ఊదితే వీధి వీధంతా కొట్టడానికొచ్చిందట. ఇక్కడ రేకుల కప్పు కింద ఊదితే స్వరం బయటికి పోకుండా తిరిగొచ్చి మన పక్కనే కూర్చుంటుందట.

ఇంటికొచ్చాక మామయ్య మనిషి మనిషిలా లేడు. అన్నం తింటూ ఒకే స్వరం తీస్తాడు. ముద్ద చేతిలో ఉంటుంది, స్వరం నడుస్తూ ఉంటుంది. అత్త గాలి సోకిందని తేల్చేసింది. తాయెత్తు కట్టించింది. మిరపకాయల పొగ వేయించింది. పుట్టిన దగ్గర్నుంచీ మిరప ఘాటులో పెరిగిన మనిషికి ఆ పొగేం చేస్తుంది? తుమ్మనైనా తుమ్మలేదు. మాఘ అమావాస్యకి సరుకు లేకపోయినా బండి కట్టాడు.

ఆ రాత్రి వాయింపయ్యాక పానకాలు బాకాని తుండుగుడ్డతో తుడుస్తూ, ఉగాది నాడు వాయిద్యాలన్నీ పాత ఇత్తడి కొనేవాళ్ళకి వేసేస్తానన్నాడు. మామయ్య బాకాకి అడ్డం చెయ్యి పెట్టాడు.

"ఇంత బాగా వాయిస్తా, అదేంది మేష్టారూ?"

"ఆరుగురం ఊపిరంతా పోసి ఊదుతున్నాం ఆదెయ్యా. వినేవాడు ఒక్కడు."

ఎంతమంది వచ్చినా కళాకారులకి తక్కువే అనుకున్నాడు మామయ్య. గోడ పొడుగునా అంతమంది ఉంటే ఒక్కడంటాడేమిటి? అమ్మొద్దని పట్టుబట్టాడు. ఈ మనిషితో పోట్లాడి ప్రయోజనం లేదన్నట్టు పానకాలు తలూపి, ఒకే ఒక్క మాటిచ్చాడు. ఫాల్గుణ అమావాస్యకి ఇంకొక్క మనిషిని తీసుకొచ్చి, ఆ మనిషి మధ్యలో లేచిపోకుండా ఆఖరిదాకా కూర్చుంటే, వాయిద్యాలు అమ్మడు.

ఇంకొక్క మనిషి. ఊళ్ళో అడిగితే అందరికీ ఆ రోజే పనులున్నాయి. మిగిలింది అత్త. మామయ్య పెళ్ళయినప్పటి నుంచి ఆమెని ఒక్క సంగతీ బతిమాలి ఎరగడు. ఈసారి బతిమాలాడు. అత్తకి అదే భయం వేసిందట, దెయ్యం కన్నా ఎక్కువ. వస్తానంది. దెయ్యమని తేలితే మర్నాడే భూతవైద్యుడి దగ్గరికి నడవాలని ఒట్టేయించుకుంది.

ఫాల్గుణ అమావాస్య. చేతిలో చీపురు, ఒళ్ళో కొడవలి, రెండు చెవుల్లో ఇంతింత దూది. అలా తయారై మా అత్త సంగీతం వినడానికి వెళ్ళింది.

లోపల ఆడవాళ్ళు ఒక వారగా కూర్చుని ఉన్నారు. అత్తకి కాస్త ఊపిరాడింది. వాళ్ళ మధ్య చోటు చూసుకుని కూర్చుంది. మామయ్య ఇవతల గోడ దగ్గర ఉండిపోయాడు. అతను ఆ రాత్రి వాయిద్యం వినలేదు. చీకట్లో అత్త ఉన్న వైపే చూస్తూ, ఎక్కడ లేచి వచ్చేస్తుందోనని... ఆ భయంతోనే రాత్రంతా గడిపాడు.

మొదలైంది. ఆ లోతు స్వరం... దాని మీద ఊళ... చర్మం రుద్దుతున్న చప్పుడు... గొలుసు —

ఏమీ లేదు.

మళ్ళీ స్వరం.

అత్త లేవలేదు.

ఆఖరి చప్పుడు రేకుల కింద తిరిగి తిరిగి ఆగిపోయాక, మామయ్య ఆమెని లాంతరు దగ్గరికి తీసుకెళ్ళాడు. పానకాలు అప్పటికే పెద్ద డోలు సైకిలుకి కట్టిస్తున్నాడు. తలెత్తి, ఎలా ఉందమ్మా అని అడిగాడు. ఆ అడగడంలో ఆశ లేదట.

"నాకేం తెలవదన్నయ్యా," అంది అత్త. "నాకు పెళ్ళి పాటలే ఇష్టం. కానీ నా పక్కనామె ఏడ్చింది."

పానకాలు చేతిలో తాడు ఆగింది. "నీ పక్కన... ఎవరమ్మా?"

అత్త చెప్పుకొచ్చింది. తను చెవుల్లో దూదితో కూర్చుంటే పక్కనున్న ముసలామె తీసెయ్యమని సైగ చేసిందట. తీశాక చెవిలో మెల్లగా చెప్పిందట, మొదటి రెండు ప్లేట్లూ ఎవరైనా మెచ్చుకుంటారమ్మాయ్, వీళ్ళ అసలు పనితనం ఇప్పుడే బయటపడుతోంది, నోరు మూసుకుని విను అని. చుట్టూ ఉన్న ఆడవాళ్ళంతా అవునన్నట్టు తలలూపారట.

పానకాలు లాంతరెత్తి పట్టుకున్నాడు. గోడ పొడుగునా ఎవరూ లేరు. నేల మీద ఏళ్ళనాటి దుమ్ము. అందులో రెండే రెండు చోట్ల చెదిరి ఉంది. ఒకటి మామయ్య కూర్చున్న చోటు, ఇంకోటి అత్త కూర్చున్న చోటు.

"మేం ఇక్కడ మూడేళ్ళ నుంచి వాయిస్తున్నామమ్మా," అన్నాడు పానకాలు. "మీ ఆయన తప్ప ఈ గుమ్మం తొక్కినవాడు లేడు."

 అత్త తనలో తను అనుకుంటున్నట్టు ఒక మాటంది.

"వాయించబోయే ముందు అందరూ దూది తీసి కొంగున కట్టుకున్నారు. మా ఆయన చెప్పిన పద్ధతేగా అనుకున్నా. కానీ చెవుల్లోదే కాదు... ముక్కుల్లోది కూడా తీశారు."

ముక్కులో దూది ఎవరికి పెడతారో మా వైపు పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

అయిదుగురు వాయిద్యగాళ్ళూ అయిదు సైకిళ్ళూ ఆ తర్వాత అక్కడ లేవు. డోలొక్కటి దొర్లుకుంటూ వెనక పోయింది. మామయ్య వెళ్ళి అత్త వెనక నిలబడ్డాడు.

పానకాలు మాత్రం లాంతరు కింద పెట్టాడు. చాలా మర్యాదగా, కొంచెం భయంగా, పరీక్ష ఫలితం అడిగే పిల్లాడిలా అడిగాడు.

"మధ్యలో ఎవరైనా లేచి వెళ్ళారామ్మా?"

"లేదన్నయ్యా. ఆఖరిదాకా ఒక్కరూ కదల్లేదు."

పానకాలు నేల మీద చతికిలబడి తుండుగుడ్డలో మొహం దాచుకున్నాడు. అందులోంచి బయటికొచ్చిన మాట ఒక్కటే. అమ్మను అన్నాడు.

అమ్మలేదు కూడా. పారిపోయిన అయిదుగురినీ ఎలా ఒప్పించాడో నాకు తెలియదు గానీ, చైత్ర అమావాస్యకి మళ్ళీ చప్పుడు మొదలైంది. బండివాళ్ళు మళ్ళీ మైలురాయి దగ్గర దూది కూరుకున్నారు. మామయ్య నెలనెలా వెళ్ళేవాడు. అడిగిన వెంటనే జరిగి చోటిచ్చేవాడు. అత్త మళ్ళీ వెళ్ళలేదు. అయితే అమావాస్య నాడు బండిలో ఎండుగడ్డి పరిచి, నీళ్ళ చెంబు పెట్టి, ఇంటి ముందు నిలబడి సాగనంపేది. ఆ ఒక్కరోజు తిట్టేది కాదు.

ఏడేళ్ళ తర్వాత మామయ్య పోయాడు. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. స్నానం చేయించి, కొత్త పంచె కప్పి, పెద్దలెవరో దూది తెచ్చారు. ముక్కులో పెట్టారు. అత్త గోడకి ఆనుకుని, ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, చూస్తూ కూర్చుంది. ఆ పెద్దాయన ఇంకో రెండు ఉండలు చుట్టి చెవుల దగ్గరికి తీసుకెళ్ళబోయాడు. అప్పుడు అత్త లేచి వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"చెవుల్లో వద్దు," అంది. "మతిమరుపు మనిషి. తీసెయ్యడం మర్చిపోతాడు."