వీపు వెనుక కూర్చున్న మనిషి

గద్వాల చేనేత వాడలో తెల్లవారేసరికి హన్మంతు గుంటలోకి కాళ్లు దించి మగ్గం ముందు కూర్చునేవాడు. ఆయన వీపు వెనుక, గోడవార, భార్య రుక్కమ్మ రాట్నం. ఆమె దారాన్ని కండెలుగా చుట్టి, ముందుకు వంగి ఆయన పక్కనున్న బుట్టలో వేసేది. ఆయన వాటిని పడుగులో అటూ ఇటూ ఆడే నాడెలో పెట్టి నేసేవాడు. పెళ్లయిన ముప్పై రెండేళ్ల నుంచీ ఆ దంపతుల సంసారం అలాగే సాగింది. ఆమె ఆయన వీపుతో మాట్లాడేది. ఆయన పడుగు మీది చూపు తిప్పకుండానే జవాబు చెప్పేవాడు. బిడ్డకు పేరు పెట్టుకున్నదీ, ఇల్లు కప్పించుకున్నదీ, పోట్లాడుకున్నదీ, రాజీపడ్డదీ అన్నీ ఆ రాట్నానికీ ఆ మగ్గానికీ మధ్యనే.

ఐదేళ్ల కిందట ఆయనకు చెవులు మందగించాయి. రుక్కమ్మ గొంతు పెంచింది. నాలుగు మాటల్లో రెండింటికైనా ఆయన ఊ అనేవాడు. మిగిలిన రెండూ చెవి తప్పులే కాని మనిషి తప్పులు కావని ఆమె సమాధానపడేది.

వారి ఒక్కగానొక్క కూతురు యమున ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో వినికిడి యంత్రాలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో చేరింది. జొన్నగింజంత మైకును చేయడం ఆమె పని. గదినిండా రొద ఉన్నా, ఎదుట మనిషి మాటను మాత్రం ఏరి చెవికి అందించాలి. మూడేళ్లు దానితోనే కుస్తీ పట్టి, రెండు వేల ఆరు శ్రావణంలో మొదటి నమూనాలు మూడు చేతికి రాగానే, పదిహేను రోజుల సెలవు పెట్టి తెచ్చి, ఒకటి తండ్రి చెవికి తగిలించింది.

పగలు వనపర్తికి బస్సులో వెళ్లి మరో ఇద్దరు వృద్ధులకు మిగిలిన యంత్రాలు పెట్టి పరీక్షించి, సాయంత్రానికి ఇంటికి చేరేది. తండ్రిని మగ్గం మీదినుంచి లేపి, ఎదురుగా పీట వేసుకొని, ఇరవై మాటలు చెప్పేది. వెనుక పొరుగింటి మగ్గాలు ఎంత మోగినా, హన్మంతు పద్దెనిమిది మాటలు తిరిగి చెప్పేవాడు. యమున నోటుపుస్తకంలో రాసుకొని మురిసిపోయేది. మొదటిరోజు రుక్కమ్మ కూడా మురిసిపోయి భక్ష్యాలు చేసింది.

మూడో రోజు నుంచి ఆమె ముఖం వాడిపోసాగింది.

మగ్గానికి ఎదురుగా వాకిట్లో నిలబడి పొరుగింటి బక్కయ్య పలకరిస్తే హన్మంతు వెంటనే నవ్వి జవాబు చెబుతున్నాడు. రాట్నం దగ్గరినుంచి రుక్కమ్మ చాయ్ తాగుతావా అని అడిగితే ఉలుకు లేదు, పలుకు లేదు. రెండోసారి అడిగినా లేదు. వినపడని రోజుల్లో ఊ అన్న మనిషి వినపడే రోజు వచ్చాక ఊ అనడం మానేశాడు. అంటే ఇన్నాళ్లూ లోపం చెవిలో లేదన్నమాట. ఆ తలంపు ఆమె గుండెలో ముల్లులా దిగింది. అన్నం వడ్డించేటప్పుడు కూడా నోరు విప్పడం మానేసింది. ఎవరితో చెప్పుకోవాలి? యంత్రం తెచ్చింది కన్నబిడ్డ. అది పనిచేస్తున్నదని ఊరంతా మెచ్చుకుంటున్నది.

పదో రోజు పొద్దున రుక్కమ్మ బుట్టలో ఎర్రపట్టు కండె వేసింది. వేసిన మరుక్షణమే, అది పాత రంగు కాదనీ, తర్వాతి అద్దకంలోదనీ, ఒక చాయ ముదురనీ గుర్తించింది. దాన్ని ఎక్కించవద్దని చెప్పింది. మరోసారి చెప్పింది. మూడోసారి గట్టిగానే చెప్పింది. హన్మంతు దాన్నే తీసి నాడెలో పెట్టాడు. చెప్పినా లెక్కచేయని వాడికి ఇంకేం చెప్పాలని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

జానెడు నేత సాగాక వెలుతురు మారి, అంచులో తేడా ఆయన కంటబడింది. వనపర్తి బస్సుకు బయలుదేరుతున్న యమున, తండ్రి కేకకు గుమ్మంలోనే ఆగిపోయింది. రుక్కమ్మ వంటింట్లోంచి ఆయన ఎదుటికి వచ్చింది.

"గిదేంది రుక్కమ్మా? వేరే కండె ఇచ్చినవు. ఒక్కమాటన్న చెప్పొద్దా?"

"మూడుసార్లు చెప్పిన."

"చెప్పలే. చెప్తే నాకు ఇనపడదా? ఇప్పుడు నా చెవులు మంచిగున్నయి. తప్పు చేసి చెప్పిన అంటే ఎట్ల?"

కండె మారడం తన పొరపాటేనని రుక్కమ్మకు తెలుసు. ఒప్పుకోవడానికి ఆమెకు అభ్యంతరం లేదు. కాని చెప్పిన మాట చెప్పలేదనిపించుకోవడం వేరు. ఆమె లోపలికి వెళ్లి రెండు చీరలు సంచిలో పెట్టుకొని వచ్చింది. పెబ్బేరులో తమ్ముడున్నాడని, మాటకు విలువలేని ఇంట్లో ఉండలేనని నెమ్మదిగా అన్నది. ఆ నెమ్మదే యమునను భయపెట్టింది.

"అమ్మా, జర కూసో. నాయినకు పొరపాటున..."

"ఏం పొరపాటు బిడ్డా? నీ ఇరవై మాటలు ఇనపడతయి, బక్కయ్య మాట ఇనపడుతది. నాది ఒక్కటే ఇనపడదా? గా సంగతి గూడ రాసుకో నీ పుస్తకంల."

హన్మంతు గుంటలోంచి పైకి వచ్చాడు. కోపం దిగిపోయి, ముఖంలో దిగులు మిగిలింది. "నువ్వేడ మాట్లాడుతున్నవే? వారం రోజులాయె నువ్వు నోరు తెరవక. నువ్వు బీచుపల్లి గుడికి పోదామంటే, మగ్గం మీదికెల్లి చీర దిగినాక పోదామన్న, దానికి అలిగినవనుకున్న. అలిగినోళ్లను కదిలిస్తే ఇంకా అలుగుతరని నేను గూడ ఊకున్న."

ఇద్దరి మాటలూ విన్న యమున చేతిలోని సంచి కింద పెట్టింది. "అమ్మా, కండె సంగతి నువ్వు ఏడ కూసొని చెప్పినవు?"

"ఏడ కూసుంట? ముప్పై రెండేండ్ల సంది ఏడ కూసుంటున్ననో గాడనే."

యమున తండ్రిని మళ్లీ మగ్గంలో కూర్చోమన్నది. తాను వెళ్లి రాట్నం దగ్గర, తల్లి పీట మీద కూర్చుని, సాయంత్రాలు చెప్పే ఇరవై మాటలనూ అదే గొంతుతో, అదే వరుసలో చెప్పింది. హన్మంతు తెగిన దారం ముడివేస్తూ కూర్చున్నాడు. ఒక్క మాటకూ తల ఎత్తలేదు. చివరకు నాయినా అని పిలిచింది. ఆ పిలుపూ ఆయనను చేరలేదు.

రుక్కమ్మ సంచి చేతిలో పట్టుకొని అంతా చూసింది. ఇన్ని రోజులుగా తనకు జరిగింది ఇప్పుడు కన్నబిడ్డకు జరుగుతుంటే, ఆమె కోపం ఎటు పోవాలో తెలియక నిలిచిపోయింది.

యమున పీట మీదినుంచే తల్లి వైపు తిరిగింది. "మైకుకు రెండు బెజ్జాలుంటయమ్మా, ఒకటి ముందర, ఒకటి వెనక. ముందరి మాటను పట్టి, వెనకనుంచి వచ్చే చప్పుడును కొట్టేస్తది. అట్ల చేసింది నేనే. మా గదిల నాయిన కూసునే తీరుగ ఒక బొమ్మను పెట్టి, ముందర మాటల పెట్టె, వెనక రొద పెట్టే పెట్టె పెట్టిన. మూడేండ్లు ఆ వెనక పెట్టె నోరు మూయిస్తనే ఉన్న." ఆమె పీట వంక చూసుకుంది. "ఆ పెట్టె ఉన్న చోట నువ్వు కూసుంటవమ్మా."

రుక్కమ్మ కోపం లేకుండానే, తీర్పు చెప్పినట్లు అన్నది.

"ఎదురుంగ కూసున్నోళ్లది మాట, వెనక కూసున్నోళ్లది చప్పుడు. ఎవరిని అడిగి ఖరారు చేసినవు బిడ్డా?"

"ఎవర్ని అడగలే. నిన్నే అడగాల్సి ఉండె." యమున తల్లి మోకాళ్లకు తల ఆనించి ఏడ్చింది. రుక్కమ్మ సంచి జారవిడిచి ఆమె తల నిమిరింది. ఏం జరుగుతున్నదో అందక హన్మంతు వెనక్కి తిరిగి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కూతురు ఎదుటికి వచ్చి, సంగతంతా మొదటినుంచీ చెప్పింది.

ఆనాడు వనపర్తి ప్రయాణం మానుకుంది. వెనుక బెజ్జం మూసేస్తే మైకు నలువైపుల మాటలనూ ఒకే తీరుగా వింటుందని ఆమెకు తెలుసు. దారానికి రాసే మైనం రుక్కమ్మే తెచ్చి, సూదిమొనంత తీసి, తన చేత్తోనే ఆ బెజ్జం మూసింది. తిరిగి వెళ్లాక యంత్రానికి ఒక మీట పెట్టాలని, ఎప్పుడు ఎవరిని వినాలో పెట్టుకున్న మనిషే నిర్ణయించుకోవాలని యమున పుస్తకంలో రాసింది. వెనుకటి పేజీల్లోని పద్దెనిమిదుల పక్కన, అమ్మ మాటలు పరీక్షించలేదు అని చేర్చింది.

హన్మంతు యంత్రం తగిలించుకొని మగ్గంలో కూర్చున్నాడు. నాడెను ఒకసారి ఆడించి మొహం చిట్లించాడు. మగ్గం చప్పుడు బాగా పెరిగిందన్నాడు. కొంచెం సేపయ్యాక జానెడు నేతనూ విప్పడానికి, ఒక్కొక్క పోగే లాగడం మొదలుపెట్టాడు.

రుక్కమ్మ తన పీట మీద కూర్చుంది. గొంతు పెంచలేదు. కొత్త పెళ్లికూతురుగా ఆ ఇంట్లో మాట్లాడినంత మెల్లగా, ఆయన వీపుతో అన్నది.

"కండె మారింది నా పొరపాటే. కానీ నేను చెప్పిన."

పోగు లాగుతున్న చేయి ఆగింది.

"చెప్పినవు," అన్నాడు హన్మంతు, తల తిప్పకుండానే. "నువ్వు చెప్పినవు రుక్కమ్మా. నేను ఇనలే." మళ్లీ పోగు అందుకుంటూ, చీర దిగేదాకా ఎందుకు, శనివారమే బీచుపల్లికి పోదామన్నాడు.

ఆమె ఊ అన్నది. ఆ ఒక్క అక్షరం కూడా ఆయనకు వినపడిందని, కదిలిన భుజాలు చెప్పాయి. రుక్కమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆయన ముఖం మగ్గం వైపు ఉండడమే ఆ క్షణాన ఆమెకు మేలైంది.