ఒక్క మాటలో చెప్పలేని అవును

శనివారం పొద్దున రొట్టెల పిండి కలుపుతూ నెడ్రా ఆల్‌రెడ్ ఉప్పు రెండోసారి వేసింది. బల్ల దగ్గర బఠాణీలు ఒలుస్తున్న అత్తగారు లవోన్ అది చూసింది.

"ఇంకో చెంచా కూడా వెయ్యి. తీసుకెళ్ళి టర్కీ కోళ్ళకి పెడదాం."

నెడ్రా చేతిలోని డబ్బా వంక చూసుకుంది. "ఇందాక వేశానా అత్తయ్యా?"

"వేశావు. ఎనభై నాలుగేళ్ళ దాన్ని నాకు గుర్తుంది, యాభై ఏడేళ్ళ దానివి నీకు లేదు. ఏమైందే నీకు?"

"ఏం లేదు" అంటూ నెడ్రా ఆ పిండి పారబోసి మళ్ళీ మొదలుపెట్టింది.

కానీ ఆమె మనసు మనసులో లేదు. మర్నాడు ఆదివారం, ఉదయం తొమ్మిదింటికి బిషప్ ఆమెను రమ్మన్నాడు. మోర్మన్ సంఘంలో దేవాలయంలోకి అడుగు పెట్టాలంటే ప్రవేశపత్రం ఉండాలి. రెండేళ్ళకోసారి ముందు బిషప్ ఎదుట, తర్వాత ప్రాంతీయ అధ్యక్షుడి ఎదుట కూర్చుని, విశ్వాసం గురించీ నడత గురించీ అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఇద్దరూ సంతకం పెట్టాలి. నెడ్రా పత్రానికి మే నెలాఖరుతో గడువు తీరిపోయింది. ఒక్కగానొక్క కూతురు మెకెల్‌కి ట్రెంట్‌తో పెళ్ళి ఇంకా పన్నెండు రోజుల్లో, కొండ మీది దేవాలయంలో. పత్రం లేకపోతే కన్నతల్లి అయినా బయట ఉండాల్సిందే.

ముప్పై మూడేళ్ళుగా ఆ ప్రశ్నలకు ఆమె ఆలోచించకుండా "అవును" అంటూ వచ్చింది. ఈసారి అలా అనగలనన్న నమ్మకం ఆమెకు లేదు.

అంతా జనవరిలో మొదలైంది. నెడ్రా చర్చిలో పెద్దవాళ్ళ ఆదివారం తరగతికి పాఠం చెబుతుంది. టర్కీ మాంసం ఫ్యాక్టరీలో పనిచేసే మరిబెల్ అనే అమ్మాయి కొత్తగా బాప్తిస్మం తీసుకుని ఆ తరగతికి వస్తోంది. ఒకరోజు చెయ్యెత్తి అడిగింది.

"సిస్టర్ ఆల్‌రెడ్, మన మొదటి ప్రవక్త మన లేఖనాన్ని దేవదూత ఇచ్చిన బంగారు రేకులు చూస్తూ చదవలేదట కదా. టోపీలో ఒక రాయి వేసుకుని, అందులో ముఖం పెట్టి లేఖనం చెప్పాడట. నిజమేనా?"

"మనమంటే గిట్టనివాళ్ళు అల్లిన కథలమ్మా అవి" అని నెడ్రా నవ్వేసింది. తరగతంతా నవ్వింది. మరిబెల్ ముఖం ఎర్రబడింది. ఆ తర్వాత ఆ అమ్మాయి మళ్ళీ చెయ్యెత్తలేదు.

ఇంటికొచ్చి వెతికితే అది నిజమే. గిట్టనివాళ్ళ రాతల్లో కాదు, సంఘం తనే ప్రకటించిన వ్యాసాల్లో ఉంది. అక్కణ్ణుంచి నెడ్రా చదవడం ఆపలేకపోయింది. దేవుడు తనకు కనబడ్డాడన్న మొదటి దర్శనాన్ని ప్రవక్త ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పాడు. ఎన్నో పెళ్ళిళ్ళు చేసుకున్నాడు, ఆ భార్యల్లో ఒకమ్మాయికి పద్నాలుగేళ్ళు. లేఖనంలో పాత బైబిలు వాక్యాలు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. ఇవన్నీ ఒక నోటుపుస్తకంలో ప్రశ్నలుగా రాసుకుంటూ పోయింది. నలభై ఒకటయ్యాయి.

చిత్రమేమిటంటే ఆమె ప్రార్థన మానలేదు. ఇదివరకు సరుకుల జాబితా చదివినట్టు నాలుగు ముక్కలు చెప్పి లేచేది. ఇప్పుడు మోకాళ్ళు తిమ్మిరెక్కేదాకా లేవడం లేదు. అడుగుతోంది, పోట్లాడుతోంది, కన్నీళ్ళు పెట్టుకుంటోంది. అవతల వినేవాడు ఒకడున్నాడన్న నమ్మకం మాత్రం మునుపెన్నడూ ఇంత గట్టిగా లేదు. ఈ సంగతి చెబితే ఎవరూ నమ్మరని ఆమె భయం.

పెరటి తలుపు తెరుచుకుంది. ఆమె భర్త డెవాన్ టర్కీల షెడ్డు నుంచి వచ్చాడు. బురద బూట్లు విప్పకుండానే వంటింట్లోకి నడిచాడు. చేతిలో నీలం అట్ట నోటుపుస్తకం.

"పానా కోసం ట్రక్కు సీటు కింద చెయ్యి పెడితే దొరికింది. నీ చేతిరాతేగా?"

నెడ్రా పిండి చేతులు తువ్వాలుకి తుడుచుకుంది. "నాదే."

"ఎన్నాళ్ళ నుంచి?"

"జనవరి నుంచి."

"అంటే ఆరు నెలలు. ఒకే బల్ల దగ్గర తింటున్నాం, ఒకే మంచం పక్కన మోకరిస్తున్నాం. నాతో ఒక్క మాట అనాలనిపించలేదా?"

"చెబితే నీ ముఖం ఇలా అయిపోతుందనే చెప్పలేదు."

డెవాన్ 'టోపీలో రాయి నిజమేనా' అని రాసిన మొదటి పేజీ పైకి చదివి, పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. "సరే. రేపు బిషప్ అడిగినవాటికి అవును అనేసి వచ్చెయ్. పెళ్ళి కానీ. ఆ తర్వాత నాలుగొందల ప్రశ్నలు రాసుకో, నేనే పుస్తకం కొనిస్తా."

"నిజాయితీగా నడుచుకుంటున్నావా అని కూడా అడుగుతాడు డెవాన్. దానికేం చెప్పను?"

"ఆ రాయి గురించేనా ఇంత గొడవ?" అంది లవోన్ బఠాణీల మీంచి తలెత్తకుండా. "మా నాన్నమ్మ చెప్పేది ఆ రాయి సంగతి. మాకేం వింతగా ఉండేది కాదు. మధ్యలో మీరే మరిచిపోయారు."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"ఎనభై ఏళ్ళుగా ఊరుకుంటూనే ఉన్నా నాయనా. అందుకే మరిచిపోయారు."

అప్పుడే మెకెల్ వీధి గుమ్మంలోంచి వచ్చింది. దర్జీ దగ్గర్నుంచి తెచ్చిన పెళ్ళి గౌను చేతుల మీద ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు. ముఖం పాలిపోయి ఉంది.

"పన్నెండు రోజులమ్మా. పన్నెండు రోజులు ఆగలేవా?"

"మెకెల్, నేను సంఘం వదిలిపోవడం లేదు. అడుగుతున్నానంతే."

"నా పెళ్ళప్పుడే అడగాలా? ట్రెంట్ వాళ్ళమ్మ లోపల కూర్చుంటుంది, అక్కచెల్లెళ్ళు కూర్చుంటారు. మీ అమ్మ ఏదమ్మా అంటే ఏం చెప్పను? బయట పూలమొక్కలు చూస్తోందని చెప్పనా?"

"మీ నాన్న సంగతి గుర్తు లేదా?" అన్నాడు డెవాన్ భార్యతో నెమ్మదిగా. "మన పెళ్ళప్పుడు కొత్త సూటు వేసుకుని ఎండలో గోడ మీద కూర్చున్నాడు. ముప్పై మూడేళ్ళుగా ఆ మాట తలుచుకుని బాధపడుతున్నావు. అదే నీ కూతురికీ మిగులుస్తావా?"

నెడ్రా తండ్రి సంఘం నిషేధించిన సిగరెట్ మానలేకపోయాడు, అందుకే ఆయనకు పత్రం దొరకలేదు. తన పెళ్ళి కోసమైనా మానలేకపోయాడే అని ఆమె ఇన్నేళ్ళూ లోలోపల కోపం పెట్టుకుంది. ఇవాళ మొదటిసారి ఇంకో సంగతి తట్టింది.

"ఆయన మానేశానని ఒక్క అబద్ధం చెబితే చాలు, లోపలికి వచ్చేవాడు" అంది చివరికి. "అప్పటి బిషప్ ఆయన చిన్ననాటి స్నేహితుడే. తరచి అడిగేవాడు కాదు. అయినా మా నాన్న ఆ అబద్ధం చెప్పలేదు డెవాన్. అలవాటు మానలేని బలహీనుడనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఎంత పొరపాటు పడ్డానో."

మెకెల్ గౌను కుర్చీ మీద పడేసి తన గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నెడ్రా రాత్రి భోజనం ముట్టకుండా ఉపవాసం మొదలుపెట్టింది.

వాళ్ళ సంఘంలో బిషప్ పనికి జీతం ఉండదు; బిషప్ లార్సన్ వారంలో ఆరు రోజులు పొలాల పంపులు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున ఆయన గదిలో నెడ్రా ఇరుకు కుర్చీలో కూర్చుంది. బయట నడవాలో డెవాన్ కూర్చుని ఉన్నాడు.

దేవుణ్ణి నమ్ముతున్నావా అని అడిగాడు బిషప్. "నమ్ముతున్నాను" అంది వెంటనే. క్రీస్తు గురించి అడిగాడు. "నమ్ముతున్నాను" అంది. ఆయన ద్వారా వచ్చిన సువార్త ఈ కాలంలో ప్రవక్త చేతుల మీదుగా తిరిగి నిలబడిందని నీకు సాక్ష్యం ఉందా అని అడిగాడు.

"ఒక్క మాటలో అవును అనలేను బిషప్ గారూ."

ఆయన చేతిలోని కాగితం పక్కన పెట్టాడు. "ఎన్ని మాటలు కావాలంటే అన్ని చెప్పండి సిస్టర్. తొందరేం లేదు."

ఆమె అన్నీ చెప్పింది. రాయి, దర్శనం, పద్నాలుగేళ్ళ అమ్మాయి, ఏదీ దాచలేదు. "మన ప్రవక్త అయిన ఆ పల్లెటూరి కుర్రాడితో దేవుడు మాట్లాడాడనే నా నమ్మకం. అతను విన్నదెంత, తన సొంతంగా కలిపిందెంత, నాకు తెలియదు. ఆ ఆడపిల్లల విషయంలో అతను చేసినదాన్ని నేను సమర్థించలేను. కానీ ఆ లేఖనం తెరిచినప్పుడల్లా ఎవరో నా చెయ్యి పట్టుకుంటున్నారు. అది కూడా అబద్ధమని చెప్పలేను."

బిషప్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మీరు చెప్పినవాటికి నా దగ్గర జవాబుల్లేవు. పంపులవాణ్ణి. ఒక్కటి అడుగుతాను. మీరు గుమ్మం దాకా వచ్చి వెళ్ళిపోవడానికి చూస్తున్నారా, లోపలికి రావడానికి చూస్తున్నారా?"

"వెళ్ళిపోవాలనుకుంటే మీకిదంతా చెప్పేదాన్నే కాదు. అవును అనేసి పోయేదాన్ని."

ఆయన కాగితం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. తక్కిన ప్రశ్నలు చదివాడు. నిజాయితీ గురించిన ప్రశ్నకు నెడ్రా వెంటనే "అవును" అంది. ఆయన సంతకం పెట్టాడు. "బుధవారం అధ్యక్షుడి దగ్గరా ఇదే చెప్పాలి మీరు. ఆయన ఏమంటాడో నేను చెప్పలేను."

తరగతిలో ఆ రోజు ఆమె పుస్తకం తెరవక ముందే ఒక మాట చెప్పింది. "జనవరిలో మరిబెల్ ఒక ప్రశ్న అడిగితే నేను నవ్వేశాను. ఆ అమ్మాయి చెప్పింది నిజం. అది అప్పుడు నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలుసుకోకుండా నవ్వడం నా తప్పు. నన్ను మన్నించు మరిబెల్."

ముందు వరుసలో ఒక పెద్దాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. తలుపు మూసుకున్న చప్పుడుకి నెడ్రా ఉలిక్కిపడింది.

చివరి వరుసలోంచి మరిబెల్ అంది, "వచ్చే వారం నుంచి రానని మా ఆయనతో చెప్పేశాను సిస్టర్." ఒళ్ళోని పుస్తకం తెరిచి, "పాఠం మొదలుపెట్టండి. వింటాను" అంది.

ఇంటికి వెళ్ళే దారిలో డెవాన్ ట్రక్కును కాలువ గట్టు మీద ఆపాడు. స్టీరింగ్ వదలకుండా మాట్లాడాడు.

"చరిత్ర సంగతి నాకు అంత పట్టదు నెడ్రా. నిన్న ఆ పుస్తకం చూడగానే నాకు ఒకటే తోచింది. మనిద్దరినీ ఆ దేవాలయంలో శాశ్వతంగా ముడివేశారు. చావు తర్వాత కూడా నువ్వుంటావనే ధైర్యంతో బతుకుతున్నా. నువ్వు వదిలేస్తే ఆ లోకంలో నేనొక్కణ్ణే కదా అనుకున్నా. అందుకే అబద్ధం చెప్పమన్నా. సిగ్గుగా ఉంది."

నెడ్రా అతని చేతిని స్టీరింగ్ మీంచి విడదీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "ఆరు నెలలుగా నేను దేవుణ్ణి అడుగుతున్నవాటిలో నిన్ను నా నుంచి విడదీయమని ఒక్కసారీ అడగలేదు. నాతోనే ఉంచమనే అడిగాను." అతను తల తిప్పుకుని, టోపీతో ముఖం కప్పుకుని ఏడ్చాడు.

బుధవారం సాయంత్రం మెకెల్ తనే వచ్చి ట్రక్కు వెనక సీటులో కూర్చుంది. శనివారం నుంచి తల్లితో అవసరానికి మించి మాట్లాడలేదు. అధ్యక్షుడి గదిలో నెడ్రా గంటకు పైగా ఉంది. ఆయన బిషప్ కంటే గట్టిగా అడిగాడు, రెండుసార్లు పెన్ను కింద పెట్టేశాడు. చివరికి, "ఈ మాటలన్నీ నాకు తేలిగ్గా లేవు సిస్టర్. కానీ మీరు వెతుకుతున్నది దేవుణ్ణే అని నాకు అనిపిస్తోంది" అని సంతకం పెట్టాడు.

ఆమె వచ్చి ట్రక్కు ఎక్కి, పత్రం డెవాన్‌కి చూపించింది. అతను గట్టిగా ఊపిరి వదిలి ఇంజన్ వేశాడు. వెనక నుంచి సంతోషం వినిపిస్తుందనుకుంటే, వెక్కిళ్ళు వినిపించాయి.

"మెకెల్, అయిపోయిందమ్మా. నేను లోపలికి వస్తున్నాను."

"దానికి కాదు." మెకెల్ ముక్కు తుడుచుకుంది. "నీ మీద అంత కోప్పడింది ఎందుకో తెలుసా? నాకూ ఒక ప్రశ్న ఉంది. అడిగితే పెళ్ళి ఆగిపోతుందేమోనని నోరు నొక్కుకున్నా. నువ్వేమో తీసుకెళ్ళి బిషప్ ముందే పెట్టావు."

"ఏమిటది?"

"నేను ముందు చచ్చిపోతే ట్రెంట్ ఇంకో అమ్మాయిని చేసుకోవచ్చు. ఆమెనీ అతనికి శాశ్వతంగా ముడివేస్తారు. అప్పుడు ఆ లోకంలో మేం ఇద్దరం అతనికి భార్యలమా? నేను అది భరించాలా అమ్మా?"

నెడ్రాకి ఏదో ఒక ఓదార్పు నోటి దాకా వచ్చింది. మింగేసింది.

"నాకు తెలీదు తల్లీ" అంది. "నా పుస్తకంలో అది పదకొండోది. నేనూ దాని గురించి ఏడ్చాను. దేవుడు నిన్ను ఏడిపించడానికి ఆ ముడి వేస్తాడని మాత్రం నేను నమ్మను. ఆ ఒక్కటీ గట్టిగా చెప్పగలను."

"ట్రెంట్‌ని అడగనా?"

"అడుగు. రేపే అడుగు. అడిగాక కూడా చేసుకోవాలనిపిస్తే అప్పుడు చేసుకో."

డెవాన్ ఇంజన్ ఆపేశాడు. తాళం తీసి జేబులో వేసుకుని, సీటులో పూర్తిగా వెనక్కి తిరిగి, కూతురి ముఖం కనపడేలా కూర్చున్నాడు.

"మొదటి నుంచి చెప్పమ్మా" అన్నాడు. "నేను సరిగ్గా వినలేదు."